పాత ఒడిస్సీకి ఆయిల్ మార్పులు: 1,45,640 మైళ్ళ నుంచి 1,64,180 దాకా

బండి 2007 హోండా ఒడిస్సీ ఈఎక్స్. 3.5 లీటర్ల వీ6 ఇంజన్, సిలిండర్లను మధ్యలో ఆపే వీసీఎం లేని రకం. ఫిల్టర్‌తో కలిపి పట్టే ఆయిల్ 4.5 క్వార్టులు, అంటే 4.3 లీటర్లు. చిక్కదనం గ్రేడు 5డబ్ల్యూ-20. పాత ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ ప్లగ్‌కి 17 ఎంఎం పానా కావాలి. ప్లగ్ బిగింపు 29 పౌండ్-ఫీట్లు, అంటే 39 న్యూటన్ మీటర్లు. మేం ఉండేది డాలస్ ఉత్తరాన. ఎండాకాలంలో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఊరు. బండిలో తిరిగేది నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చినప్పుడు అమ్మా నాన్నా.

ఇలాంటి పాత బండి ఉన్న తెలుగు కుటుంబాలు మా చుట్టుపక్కలే చాలా ఉన్నాయి. నేను చేసిన పొరపాట్లు వాళ్ళు చేయకూడదని ఇది రాస్తున్నాను.

దశ 1: పొడి గేజి
*2023 మార్చి, 1,45,640 మైళ్ళు*

హ్యూస్టన్ దగ్గర పియర్లాండ్‌లో మీనాక్షి అమ్మవారి గుడికి వెళ్దామని బయల్దేరే ముందు రోజు టైర్లలో గాలి చూస్తూ, బానెట్ కూడా ఎత్తాను. ఆయిల్ గేజి లాగి తుడిచి మళ్ళీ పెట్టి లాగాను. కొసకి కూడా ఆయిల్ అంటలేదు. మళ్ళీ పెట్టి తీశాను. పొడిగానే ఉంది.

ఒక క్వార్టు పోస్తే కింది గుర్తు దగ్గరికి వచ్చింది. ఇంకో క్వార్టు పోస్తే పై గుర్తుకి చేరింది. అంటే 4.5 ఉండాల్సిన చోట 2.5 మాత్రమే ఉంది. ఆ స్థితిలో కుటుంబాన్ని ఎక్కించుకుని పోను రాను 500 మైళ్ళకు పైగా హైవే మీద వెళ్ళబోయాను.

అద్దం మీద షాపువాళ్ళు అంటించిన స్టిక్కర్ చూశాను. అంతకు ముందు ఆయిల్ మార్చింది 1,38,900 దగ్గర. అప్పటికి 6,740 మైళ్ళు అయ్యాయి. ఆయిల్ ఆయుష్షు ఎంత మిగిలిందో డాష్‌బోర్డులో చూపే మెయింటెనెన్స్ మైండర్ ఇంకా 20 శాతం అంటోంది. ఎర్ర దీపం ఒక్కసారి కూడా వెలగలేదు.

ఇక్కడ నాకు తెలియని రెండు విషయాలు, చాలామందికి కూడా తెలియవనుకుంటాను:

1. మెయింటెనెన్స్ మైండర్ ఆయిల్‌ని చూడదు. ఇంజన్ తిరిగిన చుట్లు, వేడి లాంటి వాటిని బట్టి లెక్క కడుతుంది. చాంబర్‌లో (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే పాత్ర) ఆయిల్ సగమే ఉన్నా దానికి తెలియదు.
2. ఎర్ర ఆయిల్ దీపం మట్టానిది కాదు, ఒత్తిడిది. అది వెలిగేటప్పటికి పంపు గాలి పీల్చడం మొదలుపెట్టి ఉంటుంది. బేరింగులకు దెబ్బ తగలడానికి అప్పటికే దారి పడుతుంది.

లెక్క చూస్తే 6,740 మైళ్ళకు 2 క్వార్టులు, అంటే 3,370 మైళ్ళకు ఒక క్వార్టు. ఇంత వయసున్న ఇంజన్‌కి ఇది పెద్ద జబ్బేమీ కాదు. ఎనిమిది నెలల పాటు గేజి తీసి చూసినవాడు ఒక్కడూ లేకపోవడమే అసలు జబ్బు. షాపుకి ఎప్పుడు తీరిక దొరికితే అప్పుడు తీసుకెళ్ళడం, మధ్యలో బానెట్ ఎత్తకపోవడం మా ఇంటి అలవాటు.

పియర్లాండ్ ప్రయాణం వారం వాయిదా వేశాం. ఇంటి దగ్గరే 270 మైళ్ళు తిప్పి గేజి నాలుగు సార్లు చూశాను. పొగ లేదు, చప్పుడు లేదు. ఆయిల్ మార్పు నేనే చేయాలనుకున్నాను.

దశ 2: సామాను, మొదటి మార్పు, పోయిన మరలు
*2023 ఏప్రిల్, 1,45,910 మైళ్ళు*

కొన్న సామాను: ప్లాస్టిక్ ర్యాంపులు 60 డాలర్లు, టార్క్ రెంచి (పెట్టిన బిగింపుకి రాగానే క్లిక్ మనే పానా) 35, ఆయిల్ పట్టే ట్రే 14, వెనక చక్రాలకు అడ్డు దిమ్మెలు 12, గ్లవ్స్ పెట్టె 10, ఫిల్టర్ విప్పే టోపీ రెంచి 8, గరాటు 4.

సామాను మొత్తం: 143 డాలర్లు.

ఆయిల్ 5 క్వార్టుల డబ్బా 26, ఫిల్టర్ 8, వాషర్ 1. డబ్బా మీద 5డబ్ల్యూ-20, నాణ్యత స్థాయి చెప్పే ఏపీఐ ఎస్‌పీ గుర్తు చూసి తీసుకున్నాను. ఎస్‌పీ స్థాయి 2020లో వచ్చింది, పాత ఇంజన్లకూ సరిపోతుంది.

ఇప్పటిదాకా: 178 డాలర్లు.

ర్యాంపుల దగ్గరే మొదటి ఆటంకం వచ్చింది. ఒడిస్సీ ముందు బంపర్ కిందికి ఉంటుంది. చక్రం ర్యాంపుని తాకేలోపే బంపర్ ర్యాంపుని నెట్టేస్తోంది. రెండు అడుగుల చెక్క పలకలు రెండు కోసి ర్యాంపుల ముందు పెట్టాను. చక్రం ముందు పలక మీదికి, తర్వాత ర్యాంపు మీదికి ఎక్కింది. జాకీ ఒక్కదాని మీద బండిని లేపి కిందికి దూరే ఆలోచన ఎవరికైనా ఉంటే మానేయండి. ఈ బండి దాదాపు 2 టన్నులు. చదునైన నేల, పార్కింగ్ బ్రేక్, వెనక చక్రాలకు దిమ్మెలు. ఈ మూడూ లేకుండా నేను ఒక్కసారి కూడా కిందికి దూరలేదు.

డ్రెయిన్ ప్లగ్ కదల్లేదు. పానా పిడికి రెండడుగుల ఇనుప పైపు తొడిగి నెట్టాను. టప్ మని వదిలింది. ఆ తర్వాత చేత్తో తిరగాల్సిన ప్లగ్ చివరి చుట్టు దాకా పట్టి పట్టి తిరిగింది. బయటికి వచ్చాక చూస్తే ప్లగ్ మరల మధ్య వెండి తీగలాంటి అల్యూమినియం చుట్టుకుని ఉంది. అది చాంబర్ మర. ప్లగ్‌కి వాషర్లు రెండు ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. ఎవరో పాత వాషర్ తీయకుండా కొత్తది వేసి, కారకుండా ఉండాలని బలం కొద్దీ బిగించారు. ఎప్పుడు, ఏ చేయి చేసిందో చెప్పలేను.

ఆయిల్ కారింది 4.4 క్వార్టులు. ప్లగ్ తుడిచి కొత్త వాషర్‌తో పెట్టాను. టార్క్ రెంచి 29కి పెట్టి తిప్పాను. క్లిక్ మనలేదు. ఇంకో పావు చుట్టు తిరిగింది. అయినా క్లిక్ లేదు, పైగా చేతికి మెత్తగా తగిలింది. అక్కడ ఆపాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక సరైన పని అదే. టార్క్ రెంచి లేకపోయి ఉంటే "బిగిసింది" అనుకుని ఆయిల్ పోసి రోడ్డెక్కేవాడిని.

నా ముందు మూడు దారులున్నాయి:

1. కొంచెం లావుగా ఉండి తనే మర కోసుకుంటూ వెళ్ళే ప్లగ్. పది డాలర్లలోపే. కానీ అల్యూమినియంలో వంకరగా దిగితే చాంబర్ మొత్తం పోతుంది, విప్పిన ప్రతిసారీ మళ్ళీ అదే భయం.
2. కొత్త చాంబర్. ఖాయమైన మందు. కానీ ర్యాంపుల మీద పడుకుని చేసే పని కాదు.
3. రంధ్రం పెద్దది చేసి, కొత్త మర కోసి, లోపల ఉక్కు ఇన్సర్టు (లోపలా బయటా మర ఉన్న చిన్న గొట్టం) బిగించడం. కిట్ 95 డాలర్లు.

మూడోది తీసుకున్నాను. కిట్ రావడానికి రెండు రోజులు పట్టింది. బండి మూడు రోజులు ర్యాంపుల మీదే ఉంది, పిల్లల్ని స్కూలుకి పక్కింటివాళ్ళు దింపారు. ఆ మూడు రోజుల టెన్షన్ నాకింకా గుర్తుంది. మళ్ళీ ఎవరైనా చేస్తే ఈ వరుసలో చేయండి:

1. 14 ఎంఎం, 1.5 పిచ్ కిట్ అని రెండుసార్లు సరిచూసుకోండి.
2. డ్రిల్ గాడుల్లో గ్రీజు నింపండి. అల్యూమినియం పొడి గ్రీజుకి అంటుకుని బయటికి వస్తుంది. అయస్కాంతం అల్యూమినియాన్ని పట్టదు కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.
3. కొంచెం కోయడం, బయటికి తీయడం, తుడవడం, మళ్ళీ గ్రీజు. నేను పదకొండు సార్లు తీశాను.
4. మర కోసే ట్యాప్ సూటిగా మొదలుపెట్టండి. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి.
5. ఇన్సర్టు బయటి మరకి ఆయిల్‌కి తట్టుకునే లాకింగ్ జిగురు రాసి బిగించి, రాత్రంతా వదిలేయండి.
6. మర్నాడు ప్లగ్ పెట్టకుండా పైనుంచి అర క్వార్టు చవక ఆయిల్ పోసి వదలండి. లోపల మిగిలిన పొడి దానితో కొట్టుకొస్తుంది.

ఆ అర క్వార్టుని తెల్ల బనీను గుడ్డలో వడకట్టి చూశాను. ఆవగింజలో సగం ఉండే ముక్కలు రెండు, సన్నటి మెరుపు కొంచెం. ఇంకోసారి పోయాలా అని చాలాసేపు ఆలోచించాను కానీ పోయలేదు. పోసి ఉండాల్సింది.

కొత్త ప్లగ్, కొత్త వాషర్. 29 దగ్గర రెంచి స్పష్టంగా క్లిక్ మంది. ఫిల్టర్ రబ్బరు చుట్టుకి కొత్త ఆయిల్ రాసి, ఇంజన్‌ని తాకాక ముప్పావు చుట్టు తిప్పాను. 4.5 క్వార్టులు పోశాను.

కిట్ 95, చవక ఆయిల్ 5, ప్లగ్ 6.
ఇప్పటిదాకా: 284 డాలర్లు. పట్టిన కాలం: 3 రోజులు.

ఆ హడావిడిలో మైండర్ రీసెట్ చేయడం మర్చిపోయాను. వారం తర్వాత నా భార్య ఫోన్ చేసి "ఆయిల్ 15 శాతం అంటోంది, మొన్నే కదా మార్చారు?" అని అడిగితే గుర్తొచ్చింది.

దశ 3: రెండు రబ్బర్లు
*2023 సెప్టెంబర్, 1,50,480 మైళ్ళు*

ఈ నాలుగున్నర వేల మైళ్ళలో ప్రతి ఆదివారం పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు గేజి చూశాను. పై గుర్తుకీ కింది గుర్తుకీ మధ్య సుమారు ఒక క్వార్టు. సగానికి దిగినప్పుడల్లా అర క్వార్టు పోశాను. రెండు సార్లు పోయాల్సి వచ్చింది.

ఈసారి ఆయిల్ పూర్తిగా కారనిచ్చి, ఫిల్టర్‌ని ట్రే మీద రాత్రంతా బోర్లించి, మొత్తం పాత డబ్బాలోకి పోసి గీతల దగ్గర కొలిచాను.

పోసింది 4.5, మధ్యలో 1.0, కారింది 4.1. ఖర్చయింది 1.4 క్వార్టులు. నడిచింది 4,570 మైళ్ళు.
3,264 మైళ్ళకు ఒక క్వార్టు.

షాపు రోజుల లెక్కకి ఇది దగ్గరగానే ఉంది. కొలత పద్ధతి మీద నమ్మకం కుదిరింది.

ఇక నా తప్పు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు చుట్టు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోయింది. నేను చూడలేదు. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించాను. రబ్బరు మీద రబ్బరు నిలవదు. ఇంజన్ స్టార్ట్ చేసిన మూడు నాలుగు క్షణాల్లో కింద నల్లటి మడుగు కట్టింది. మా పెద్దవాడు గ్యారేజీ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "నాన్నా, ఆపు!" అని వాడు అరిచిన అరుపుకే తాళం తిప్పాను.

పోయింది ఒక క్వార్టు దాకా. డబ్బాలో, సీసాలో మిగిలినవి కలిపితే సరిగ్గా సరిపోయింది. వాడు అరవకపోతే చాంబర్ ఖాళీ అయ్యేది.

నేల శుభ్రం చేసిన విధం: పిల్లుల కోసం అమ్మే మట్టి గుళికలు మడుగు మీద పోసి, చెప్పు కాలితో బాగా నూరి, రెండు గంటలు వదిలి ఊడ్చాను. తర్వాత డీగ్రీజర్, బ్రష్. మరక సగం పోయింది. మిగతా సగం గురించి కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ నిబంధనలు ముందే చదివి ఉండాల్సింది. డ్రైవ్‌వేలో బండి పనులు చేయనివ్వని కాలనీలూ అపార్టుమెంట్లూ చాలా ఉన్నాయి. మా దాంట్లో గ్యారేజీ లోపల చేసుకోవచ్చని ఉంది. అప్పటి నుంచి లోపలే చేస్తున్నాను, కింద పెద్ద అట్ట పరిచి.

మార్చిన పద్ధతి: పాత ఫిల్టర్ చేతిలోకి రాగానే దాని రబ్బరు చుట్టు ఉందో లేదో ముందు చూడాలి. తర్వాత ఇంజన్ మీద ఫిల్టర్ కూర్చునే చోటు వేలితో చుట్టూ తడమాలి. రెండూ అయ్యాకే కొత్త ఫిల్టర్ పెట్టె విప్పాలి.

ఆయిల్, ఫిల్టర్, వాషర్ 35, మధ్యలో పోసిన సీసా 6, గుళికలు 9, డీగ్రీజర్ 7.
ఇప్పటిదాకా: 341 డాలర్లు. పట్టిన కాలం: 2 గంటల 40 నిమిషాలు, మరక కాకుండా.

దశ 4: నాన్న, అట్ట, చుక్కలు
*2024 ఏప్రిల్, 1,54,900 మైళ్ళు*

మార్చిలో అమ్మా నాన్నా వచ్చారు. నాన్న తెనాలి దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా ట్రాక్టర్ నడిపించిన రైతు. వచ్చిన మర్నాడే గ్యారేజీలో నేను పరిచిన అట్ట మీద వంగి చూశాడు.

"ఏరా, బండి కారుతోంది. చూశావా?"

"అది పాత మరక నాన్నా."

"పాత మరక పైన తడి ఎట్టా ఉంటుంది?"

నిజమే. ఆ రాత్రి కొత్త అట్ట పరిచి, ముందు చక్రాల చోటు పెన్సిల్‌తో గీసి పెట్టాం. పొద్దున లెక్కపెడితే 11 చుక్కలు. అన్నీ ఇంజన్ ముందు సిలిండర్ల వరుస కింద. నాలుగు రాత్రులు వరుసగా చూశాం: 11, 9, 12, 10.

ఉగాది ఏప్రిల్ 9న. ఆ వారమే మూడో మార్పు చేశాం. నాన్న స్టూలు మీద కూర్చుని పక్కన చూశాడు, గేజి ఆయిల్ వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి "నలుపు మామూలే, ఇసుక తగల్లేదు" అన్నాడు. పనికి ఆటంకం ఏమీ రాలేదు. ప్లగ్ 29 దగ్గర క్లిక్. పాత రబ్బరు ఫిల్టర్‌తోనే వచ్చింది.

పోసింది 4.5, మధ్యలో 1.0, కారింది 4.2. ఖర్చు 1.3 క్వార్టులు. 4,420 మైళ్ళు.
3,400 మైళ్ళకు ఒక క్వార్టు.

ఆయిల్, ఫిల్టర్, వాషర్ 35, సీసా 6.
ఇప్పటిదాకా: 382 డాలర్లు. పట్టిన కాలం: గంటా 25 నిమిషాలు.

పని అయ్యాక ఫోన్‌లో మైళ్ళు రాసుకుంటుంటే నాన్న అడిగాడు.

"ట్రాక్టర్‌కి గంటల మీటరు ఉండేది. 250 గంటలకి మార్చేవాళ్ళం. దీనికి మైళ్ళా?"

"అవును. ఐదు వేల మైళ్ళు, లేకపోతే ఆరు నెలలు. ఏది ముందైతే అది."

"ఫోను నీ జేబులో ఉంటది. రేపు కోడలమ్మాయి బండి తీస్తే ఆమెకెట్టా తెలుస్తుంది? నేను మడ్‌గార్డు మీద సుద్దతో రాసేవాణ్ణి. ఎవడు ట్రాక్టర్ ఎక్కినా కనపడేది."

ఆ సాయంత్రమే గ్యారేజీ గోడకి, బండి తలుపు తెరిస్తే ఎదురుగా కనపడేలా, చిన్న తెల్ల బోర్డు బిగించాను. మూడు గడులు: చివరి మార్పు మైళ్ళు, తర్వాతి మార్పు మైళ్ళు, ఈ వారం గేజి. ఆరు నెలల లెక్కకి కూడా నాన్నే దారి చూపాడు. "ఉగాదికి ఒకటి, దసరాకి ఒకటి పెట్టుకో. దసరాకి ఎటూ బండికి పూజ చేస్తావు కదా." క్యాలెండర్ యాప్‌లో ఎన్నోసార్లు వాయిదా వేసిన పని పండగకి ముడిపెట్టాక ఒక్కసారి కూడా తప్పలేదు. ఈ డైరీలో ఒక్కటే కాపీ కొట్టాలంటే ఆ బోర్డు కాపీ కొట్టండి. ఈ మొత్తం పనిలో బండిని నిజంగా కాపాడింది అదే అని నా నమ్మకం.

దశ 5: కారుడు ఎక్కడ
*2024 మే, 1,55,600 మైళ్ళు*

ఇంజన్ ముందు వైపంతా డీగ్రీజర్‌తో కడిగి, ఆరనిచ్చి, 30 మైళ్ళు తిప్పి, టార్చి వేసి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాం. ఆయిల్ ఎప్పుడూ కిందికే జారుతుంది కాబట్టి తడి ఉన్న చోట్లలో అన్నిటికంటే పైది వెతకాలి. నేను మొదట చాంబర్ అంచు దగ్గర తడి చూసి, ఇన్సర్టు దగ్గరే కారుతోందని బెంబేలెత్తాను. పైకి చూస్తూ వెళ్తే అసలు చోటు ముందు వరుస వాల్వ్ కవర్ (ఇంజన్ పైమూత) కింది అంచు అని తేలింది.

కవర్ విప్పాక బయటికి వచ్చిన గాస్కెట్ (సందు మూసే రబ్బరు పట్టీ) వంచితే విరిగింది. రబ్బరు గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోయింది. పదిహేడేళ్ళ వేడికి అంతే అవుతుంది.

పని వరుస:

1. ఇగ్నిషన్ కాయిళ్ళు తీసి, ఏది ఎక్కడిదో టేపు మీద అంకె రాసి అంటించాలి.
2. కవర్ బోల్టులు 10 ఎంఎం. కొంచెం కొంచెంగా, ఒక మూల తర్వాత ఎదురు మూల వదులు చేయాలి.
3. పాత గాస్కెట్ ముక్కలు లోపల పడకుండా గుడ్డలు కప్పి, ప్లాస్టిక్ గీకుడు పలకతో గీకాలి. ఇనుపది వాడితే అల్యూమినియం మీద గీత పడుతుంది.
4. స్పార్క్ ప్లగ్ గొట్టాల చుట్టూ ఉండే సీళ్ళు కూడా అప్పుడే మార్చాలి, కిట్‌లో వస్తాయి.
5. బిగించేటప్పుడు బలం వద్దు. ఈ బోల్టుల టార్కు చాలా తక్కువ. ఎక్కువ బిగిస్తే కొత్త గాస్కెట్ నలిగి మళ్ళీ కారుతుంది.

అదే రోజు పీసీవీ వాల్వు (ఇంజన్ లోపల చేరే ఆవిర్లకి దారి ఇచ్చే చిన్న కవాటం) కూడా మార్చాను. చేతిలో ఊపితే గలగలమనాలి. పాతది మూగగా ఉంది, లోపల జిగట. అది మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి, ఉన్న సీళ్ళ సందుల్లోంచి ఆయిల్‌ని బయటికి తోస్తుంది.

గాస్కెట్ కిట్ 38, వాల్వు 12.
ఇప్పటిదాకా: 432 డాలర్లు.

రెండూ ఒకే రోజు మార్చడం తప్పు. గాస్కెట్ మార్చి ఒక నెల కొలిచి, తర్వాత వాల్వు మార్చి ఉంటే దేని వల్ల ఎంత తగ్గిందో తెలిసేది. చుక్కల లెక్క మాత్రం గాస్కెట్‌దే అని నమ్ముతున్నాను. మర్నాటి నుంచి నాలుగు రాత్రులు: 1, 0, 0, 0. ఆ ఒక్క చుక్క కడిగినప్పుడు సందులో మిగిలినది కావచ్చు.

ఆగస్టులో అమ్మా నాన్నా వెళ్ళిపోయారు. అట్ట మాత్రం గ్యారేజీలోనే ఉంది.

దశ 6: దసరా
*2024 అక్టోబర్, 1,59,620 మైళ్ళు*

విజయదశమి 12న. ముందు రోజు రాత్రి ఆయిల్ మార్చి, పొద్దున కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఫ్రిస్కో కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళొచ్చాం.

పోసింది 4.5, మధ్యలో 0.5, కారింది 4.2. ఖర్చు 0.8 క్వార్టు. 4,720 మైళ్ళు.
5,900 మైళ్ళకు ఒక క్వార్టు.

ఈ అంకెలో మొదటి 700 మైళ్ళు రిపేరుకి ముందువి. పియర్లాండ్‌కి ఇంకో ప్రయాణం కూడా ఇందులోనే ఉంది, ఈసారి గేజి చూసి మరీ బయల్దేరాం.

ఈసారి 5డబ్ల్యూ-20లోనే హై మైలేజ్ ఆయిల్ పోశాను. పాత సీళ్ళని మెత్తబరిచే పదార్థాలు కలిపామని డబ్బాల మీద రాస్తారు. గ్రేడు మార్చలేదు. "పాత బండికి చిక్కటి ఆయిల్ పోయండి" అని ముగ్గురు చెప్పారు. కారుడు ఎక్కడో తెలియనప్పుడు ఆ సలహా విని ఉంటే గట్టిపడిన గాస్కెట్ అలాగే ఉండేది. ఈసారి మార్చింది ఆయిల్ రకం ఒక్కటే, ఇంకేమీ ముట్టుకోలేదు.

ఆయిల్ 29, ఫిల్టర్ 8, వాషర్ 1. మధ్యలో పోసింది పాత డబ్బాలో మిగిలిన అర క్వార్టే.
ఇప్పటిదాకా: 470 డాలర్లు. పట్టిన కాలం: 55 నిమిషాలు.

దశ 7: ఉగాది
*2025 మార్చి, 1,64,180 మైళ్ళు*

పోసింది 4.5, మధ్యలో 0.5, కారింది 4.3. ఖర్చు 0.7 క్వార్టు. 4,560 మైళ్ళు.
6,514 మైళ్ళకు ఒక క్వార్టు.

5,900 నుంచి 6,514 అంటే పెద్ద మెరుగుదలలా కనపడుతుంది. అసలు తేడా 0.1 క్వార్టు. డబ్బా గీతలు చూసి కొలిచేవాడికి అంత తప్పు కొలతలోనే వస్తుంది. కాబట్టి హై మైలేజ్ ఆయిల్ పని చేసిందని నేను చెప్పను. ఇంకో రెండు మార్పులు అదే పోసి చూస్తాను.

38 డాలర్లు. ఇప్పటిదాకా: 508 డాలర్లు. పట్టిన కాలం: 50 నిమిషాలు.

డబ్బు సంగతి: మా దగ్గర షాపుల్లో సింథటిక్ మార్పు ఒక్కోటి 80 డాలర్ల దాకా ఉంది. ఐదింటికి 400. నేను పెట్టింది 508, అందులో గాస్కెట్, వాల్వు 50 ఎటూ పెట్టాల్సినవే. ఒక్కో మార్పుకి నాకు 42 మిగులుతుంది కాబట్టి ఆ 50 కలుపుకున్నా ఇంకో మూడు మార్పులకి సమానం దాటుతుంది. ఆదా కోసమే మొదలుపెట్టేవాళ్ళు ఈ లెక్క ముందే చూసుకోండి. షాపులో చేయించుకున్నా తప్పేమీ లేదు. కానీ మధ్యలో గేజి మీరే చూడాలి, ఇంటికి వచ్చాక కింద ఒకసారి టార్చి వేసి చూడాలి, మైళ్ళు గోడ మీద మీరే రాయాలి.

పాత ఆయిల్ సంగతి: ఐదు సార్లకీ, మొదట కడగడానికి పోసిన అర క్వార్టుతో కలిపి 21.7 క్వార్టులు, అంటే దాదాపు 5.4 గ్యాలన్లు. కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోకే వంచి, మూత బిగించి, ఆటో విడిభాగాల దుకాణంలో ఇచ్చేశాను. ఆటోజోన్, ఓ'రైలీ లాంటి చోట్ల ఉచితంగా తీసుకుంటారు. వేరే ఏ ద్రవమూ అందులో కలపకూడదు, కలిస్తే తీసుకోరు. ఒక ఆయిల్ మార్పులో వచ్చే పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడు చేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ చెబుతుంది. వీధి చివర కాలవలో పోస్తే అది నేరుగా మన చెరువుల్లోకే వెళ్తుంది.

ఇప్పుడు నేను చేస్తున్న వరుస:

1. ఇంజన్ పది నిమిషాలు నడిపి, పావుగంట ఆగాలి. వెచ్చగా ఉంటే చాలు. బాగా వేడిగా ఉంటే చేయి కాలుతుంది.
2. పలకలు, ర్యాంపులు, దిమ్మెలు, పార్కింగ్ బ్రేక్. పైన ఆయిల్ మూత వదులు చేసి పెట్టాలి.
3. ప్లగ్ తీయాలి. పాత వాషర్ ఒక్కటే ఉందో లేదో చూడాలి.
4. పది నిమిషాలు కారనివ్వాలి. ప్లగ్ మర, ఇన్సర్టు మర టార్చితో చూడాలి.
5. కొత్త వాషర్, 29 పౌండ్-ఫీట్లు.
6. ఫిల్టర్: పాత రబ్బరు చేతికి వచ్చిందా, కూర్చునే చోటు తడిమామా, కొత్త రబ్బరుకి ఆయిల్ రాశామా, తాకాక ముప్పావు చుట్టు.
7. నాలుగు క్వార్టులు పోసి, స్టార్ట్ చేసి, ఇంకొకరు కింద చూస్తుండగా అర నిమిషం నడపాలి. ఆపి, ఐదు నిమిషాలాగి, గేజి చూస్తూ మిగతాది పోయాలి.
8. మైండర్ రీసెట్. బోర్డు మీద అంకెలు. కింద కొత్త అట్ట.

ఏడో అడుగులో కింద చూసే పని మా పెద్దవాడిది. ఈసారి "పొడిగా ఉంది నాన్నా" అన్నాక కూడా ఇంకో నిమిషం టార్చి పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

ఆదివారం పొద్దున ఇండియాకి ఫోన్ చేస్తే నాన్న అడిగే రెండో మాట "గేజి ఎంతుంది?" అనే. నిన్నటి జవాబు: పై గుర్తుకి వెంట్రుకవాసి కింద. చుక్కలు సున్నా. బోర్డు మీద తర్వాతి మార్పు గడిలో 1,69,180 లేదా దసరా.